బాపు జానెడు, నా జానెడు

మా మేనమామ నర్సింలుకు ఒంట్లో బాగాలేదని కబురొస్తే మొన్న హవేలిఘనపూర్ వెళ్లాను. మెదక్‌లో ఆటో ఎక్కితే అరగంట కూడా పట్టదు. పరామర్శకు వెళ్లినదాన్ని ఆ పరామర్శేదో చేసి, ఇచ్చిన చాయ్ తాగి, బుద్ధిగా తిరిగి రావాల్సింది. కానీ ఇంటి ముందు మామ కొడుకు శ్రీను తన టిప్పర్ నిలబెట్టుకుని, ముందు చక్రం పక్కన వెల్లకిలా పడుకుని, బ్రేక్ చాంబర్ మారుస్తున్నాడు. పక్కన ఖాళీ అట్టపెట్టె ఒక్కటే ఉంది. రెండోది ఏదిరా అని అడిగాను. "రెండోది మంచిగనే ఉన్నది వదినా. ఇదొక్కటే గాలి లీకైతున్నది. ఫోన్ల బొమ్మ జూసి తెప్పించిన" అన్నాడు, బండి కింది నుంచే. బొమ్మ చూసి! పెళ్లిచూపులకు కూడా ఈ రోజుల్లో ఎవరూ బొమ్మ చూసి సరేననడం లేదు. పాతదాని మీద నంబరెంత, కొత్తదాని మీద నంబరెంత అని అడిగాను. "సేమే ఉంటది వదినా, బోల్టులు కూసున్నయి గద" అన్నాడు. ఆ మాటతో నాకు తల తిరిగినంత పనైంది. ముప్ఫై ఏళ్లు పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పిన మనిషిని, ఇస్త్రీ చీరతో ఆ దుమ్ములో చతికిలబడి, పాతదీ కొత్తదీ రెండూ బయటకు తీసి పక్కపక్కన పెట్టేదాకా కదిలేది లేదన్నాను. శ్రీను నవ్వాడు. "టీచరమ్మవు, నీకెందుకు వదినా ఇయన్ని?" అన్నాడు. అరుగు మీద మంచంలో పడుకున్న మామ మాత్రం నవ్వలేదు. తల తిప్పి నన్నే చూస్తున్నాడు.

నాకెందుకో చెప్పాలంటే మా బాపు గురించి చెప్పాలి. ఆయన గురించి చెప్పడం మొదలుపెడితే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఆయన మెదక్‌లో రామాయంపేట రోడ్డు మీద రేకుల షెడ్డులో లారీలకు బ్రేకుల పని చేసేవాడు. షెడ్డు వెనకే మా ఇల్లు. లారీ బ్రేకు గాలితో పనిచేస్తుంది. ఒక్కో చక్రం దగ్గర రెండు ఇనుప గిన్నెలు మూతికి మూతి కలిపి బిగించినట్టు ఒక డబ్బా ఉంటుంది. దాన్నే చాంబర్ అంటారు. నడుమ రబ్బరు పొర. డ్రైవర్ బ్రేకు తొక్కగానే గాలి వచ్చి రబ్బరును నెడుతుంది, రబ్బరు ఒక కడ్డీని నెడుతుంది, ఆ కడ్డీ బ్రేకును చక్రానికి పట్టిస్తుంది. రబ్బరు చిరిగితే గాలి సుయ్‌మని పోతుంది, బండి ఆగదు. ఇంత చిన్న సంగతిని మా ఇంట్లో పొద్దున్నే ఒక పెద్ద తతంగంగా నడిపేవాళ్లు. తెల్లవారి ఏడింటికి మొదటి లారీ వచ్చి నిలబడేది. డ్రైవర్‌ను బ్రేకు తొక్కిపట్టమని బాపు కిందికి దూరేవాడు, చేతిలో సబ్బునీళ్ల డబ్బా, ఒక పాత కుంచె. చాంబర్ చుట్టూ నురగ పూసి, ఎక్కడ బుడగ లేస్తుందో చూసేవాడు. ఆ కాసేపు ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు, గిన్నె చప్పుడు కాకూడదు, ఆయనకు గాలి చప్పుడు వినపడాలి. పోపు వేయబోయిన అమ్మ గరిటె పట్టుకుని అట్లాగే ఆగిపోయేది. ఆ సబ్బు మా అమ్మ బట్టలుతికే సబ్బే. కొత్త బిళ్ల తెచ్చిన రెండో రోజుకు సగం అరిగిపోయేది. "గా లారీలకు తానం బోస్తున్నవా ఏంది?" అని అమ్మ అరిచేది. ఆయన బుడగ కోసం చూస్తుండేవాడు.

అన్నానికి వచ్చే ముందు కిరోసిన్‌తో చేతులు కడిగి, ఊకతో రుద్ది, మళ్లీ అమ్మ సబ్బుతోనే కడుక్కునేవాడు. అయినా ఆయన కలిపిన అన్నంలో గ్రీజు వాసన వచ్చేది. చిన్నప్పుడు ఆయన ముద్ద పెట్టబోతే పారిపోయేదాన్ని. ఇప్పుడు పెట్రోలు బంకు పక్క నుంచి నడిచి వెళ్తుంటే ఆ వాసనకు ఆకలేస్తుంది, అదొక విచిత్రం.

బాపుకు రెండు పట్టుదలలు ఉండేవి. మొదటిది, చాంబర్ మారిస్తే ఒక ఇరుసుకు రెండు వైపులా కలిపి మార్చాల్సిందే. ఒకటి కొత్తది, ఒకటి పాతది పెడితే రెండు చక్రాలు ఒక్కలాగా పట్టవని, బండి ఒక పక్కకు గుంజుతుందని ఆయన వాదన. ప్రతి లారీ దగ్గరా ఇదే జగడం. "ఒక్కటే పాడైంది గద ఉస్తాద్, మంచిదాన్ని ఎందుకు పారేస్తవు?" అని డ్రైవర్లు బతిమాలేవాళ్లు. "ఒక కాలుకు బూటు, ఒక కాలుకు చెప్పు ఏసుకొని హైదరాబాద్ దాక నడుసుకుంట పో, నడిసి వచ్చినంక మాట్లాడుదం" అని ఆయన పానా కింద పడేసి, వెళ్లి బీడీ ముట్టించుకునేవాడు. రెండోది మరీ అన్యాయం. చాంబర్లలో సైజులుంటాయి. వాటి మీద నంబరు ఉంటుంది. ఆ నంబరును ఆయన ఏనాడూ చూసేవాడు కాదు. అరచేయి చాచి, బొటనవేలు ఒక అంచుకు ఆనించి, చిటికెనవేలు అవతలి అంచుకు సాగదీసి, "జానెడు" అనేవాడు. లేదా "జానెడుకు అంగుళం తక్కువ" అనేవాడు. ఆ రెండే సైజులు ఆయన లోకంలో. నంబరు చదవొచ్చు కదా అంటే, "ఇనుము మీద రాసినదాన్ని తుప్పు తింటది. చెయ్యికి తుప్పు వడ్తదా?" అనేవాడు. రామాయంపేటలో సామాన్ల దుకాణం అతనికి కూడా ఇదే భాష అలవాటైపోయింది. ఎందుకంటే అన్నేళ్లుగా అక్కడికి వెళ్లి చేయి చాచింది ఆయనొక్కడే. ఆ రోజు దాకా.

మా మామకు సొంత లారీ ఉండేది, వడ్లు మిల్లులకు తోలేవాడు. అమ్మకు పదేళ్లప్పుడు, మామకు నాలుగేళ్లప్పుడు వాళ్లమ్మ పోయింది. తమ్ముణ్ని చంకనేసుకుని పెంచింది మా అమ్మే. పెళ్లయి వచ్చేటప్పుడు కూడా రెండేళ్లు వెంట తెచ్చుకుని ఇక్కడే బడికి పంపిందట. అందుకే మామ లారీ హారన్ వినపడితే మా ఇంటి నియమాలన్నీ మారిపోయేవి. సబ్బునీళ్ల వేళైనా సరే, అమ్మ ఇంత సర్వపిండి కాల్చి తమ్ముడి ముందు పెట్టేది. మామ తిన్నాకే బాపుకు. దీనికి బాపు ఏనాడూ ఏమీ అనలేదు, ఆ ఒక్క సంగతిలో ఆయన మంచివాడు.

అది కోతల కాలం. బాపుకు చలిజ్వరం, రెండు గొంగళ్లు కప్పుకుని వణుకుతున్నాడు. పొద్దున్నే మామ వచ్చాడు, వడ్లు నింపిన లారీ షెడ్డు ముందు నిలబెట్టి. సాయంత్రానికి తూప్రాన్ మిల్లులో దించాలి, ముందు ఎడమ చక్రం చాంబర్ గాలి వదిలేస్తోంది. షెడ్డులో పనిచేసే ఖాజా భాయ్ బిగించగలడు, కానీ కొత్తది తేవాలి. బాపు గొంగడి లోంచి చేయి మాత్రం బయటపెట్టి, "జానెడుది. రెండు తేవాలె" అని, మళ్లీ ముడుచుకున్నాడు. మామ నన్ను చూశాడు. "నువ్వు రా బిడ్డా, చదువుకున్నదానివి. నాకు ఆ దుకాణంల మాట్లాడ రాదు" అన్నాడు. నేనప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. చదువుకున్నదానివి అంటే చాలు, బావిలోనైనా దూకే వయసు. బాపు స్కూటర్ మామ నడుపుతుంటే వెనక కూర్చుని రామాయంపేట వెళ్లాను. పాత చాంబర్‌ను విప్పి వెంట తీసుకెళ్దామన్న ఆలోచన ఇంట్లో ఇంతమందిమి ఉండి ఒక్కరికీ రాలేదు. బాపు జానెడు అన్నాడు కదా, ఇంకేం కావాలి మాకు!

దుకాణం అతను రెండు డబ్బాలు చూపించాడు. పెద్దది ఒక్కటే ఉంది, దాని అంచు సొట్టపోయి ఉంది, మంచిది రేపు పొద్దున వస్తుందన్నాడు. చిన్నవి ఎన్ని కావాలంటే అన్ని ఉన్నాయి. "మీ బాపు ఏమన్నడమ్మా?" అన్నాడు. నేను ఓణీ సర్దుకుని, పెద్ద ఉస్తాద్‌లాగా చేయి చాచి, చిన్న డబ్బా మీద జాన పెట్టాను. ఇటు అంచు నుంచి అటు అంచుకు సరిగ్గా సరిపోయింది. "జానెడు. ఇదే" అన్నాను. నా జానెడు! పదిహేడేళ్ల ఆడపిల్ల జానెడు! బాపు చేయి నా చేతికంటే వేలెడు పెద్దదని అన్నం తినేటప్పుడల్లా చూస్తూనే ఉన్నాను, ఆ దుకాణంలో అది నాకు గుర్తుకు రాలేదు. రెండు తీసుకుందామంటే మామ అడ్డం పడ్డాడు. "కుడిదిక్కుది మంచిగున్నది బిడ్డా, మీ బాపుది అంత చాదస్తం. ఒక్కటి సాలు." ఒక్కటే తెచ్చాం. ఈ ముక్క తలుచుకుంటే నాకు ఇప్పటికీ జుట్టు పీక్కోవాలనిపిస్తుంది. రెండు తెచ్చి ఉంటే రెండూ చిన్నవే అయ్యేవి, బండి ఆలస్యంగానైనా తిన్నగా ఆగేది.

ఖాజా భాయ్ చేతిలోకి తీసుకుని ఒక్క క్షణం అటూ ఇటూ తిప్పాడు. "ఉస్తాద్ ఇదే చెప్పిండా బిడ్డా?" అన్నాడు. "బాపే చెప్పిండు, జానెడుది" అన్నాను, ఈ ప్రశ్న ఏమిటన్నట్టు. ఉస్తాద్ మాట అన్నాక ఖాజా భాయ్ ఇంకో మాట మాట్లాడే మనిషి కాదు. బోల్టులు సరిగ్గా కూర్చున్నాయి. పెద్దదానికీ చిన్నదానికీ బోల్టుల దూరం ఒకటేనని, అందుకే పొరపాటు బయటపడదని నాకు ఆ తర్వాతెప్పుడో తెలిసింది. అమ్మ సర్వపిండి పొట్లం కట్టి ఇచ్చింది. మధ్యాహ్నం లోపే మామ వెళ్లిపోయాడు.

ఎండ ఇంకా తగ్గకముందే తూప్రాన్ వైపు నుంచి వచ్చిన బస్సు కండక్టర్ షెడ్డు ముందు బస్సాపి చెప్పాడు. మేకల మంద అడ్డం వచ్చిందట, మామ గట్టిగా బ్రేకు తొక్కాడట, బండి ఉన్నపళంగా కుడి పక్కకు గుంజుకుని, రోడ్డు దాటి, కల్వర్టు గోడకు కొట్టుకుని మడిలోకి దిగిందట. ఎదురుగా ఏ బండీ రాలేదు, అదొక్కటే అదృష్టం. మామ మోకాలు నలిగిపోయింది. అమ్మ దవాఖానకు పరుగెత్తింది. బాపు గొంగడి కప్పుకునే లేచాడు. ఖాజా భాయ్, నేను ఆయన వెంట వెళ్లాం. ఆయన ఒరిగిన లారీ కిందికి వంగి ఎడమ చాంబర్ మీద చేయి చాచాడు. బొటనవేలు ఆనింది. చిటికెనవేలు అంచు దాటి గాల్లో ఉండిపోయింది. ఆ వేలిని ఒకసారి చూసుకున్నాడు. తర్వాత నన్ను చూశాడు. నేను నా చేతులు ఓణీలో దాచుకున్నాను. ఖాజా భాయ్ "ఉస్తాద్, బిడ్డ..." అంటూ ఏదో అనబోయాడు. "నేనే చెప్పిన గిది తెమ్మని. జరంల సోయి లేక చెప్పిన" అన్నాడు బాపు. జన్మలో ఒక తప్పు ఒప్పుకోని మనిషి, ఒప్పుకోక ఒప్పుకోక తనది కాని తప్పు ఒప్పుకున్నాడు.

దవాఖానలో మామ మంచం దగ్గర కూడా అదే మాట చెప్పాడు. "నా తప్పే నర్సింలూ. నేనే చిన్నది చెప్పిన." మామ గోడ వైపుకు తిరిగి పడుకున్నాడు. అమ్మ ఆ మంచానికీ బాపుకూ మధ్య నిలబడి, ఎటు చూడాలో తెలియక నా వైపు చూసింది. నేను నేల చూశాను. చెప్పడానికి అదే సమయం. నా వల్లే పొరపాటు జరిగిందని, నాలుగు మాటలు. బాపు ఆ తప్పు తన మీదేసుకున్నందుకు నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. నన్ను అడగకుండా, నాకు నోరు లేకుండా చేశాడు. ఇంటికి వచ్చాక తిడతాడని, కనీసం ఒక చెంపదెబ్బ వేస్తాడని రోజులు లెక్కపెట్టాను. ఏమీ అనలేదు. జ్వరం తగ్గాక పాత చాంబర్‌ను కిరోసిన్‌లో నానబెట్టి, తీగ బ్రష్‌తో తోమి తోమి, తుప్పు కింద నుంచి నంబరు బయటకు తీశాడు. నన్ను పిలిచి చదవమన్నాడు. చదివాను. ఆ రోజు నుంచి వచ్చిన ప్రతి లారీ నంబరూ, దాని చాంబర్ల నంబర్లూ షెడ్డు గోడ మీద నాతోనే రంగుతో రాయించాడు. ఇంకెప్పుడూ జాన పెట్టలేదు.

మామ మళ్లీ మా ఇంటికి రాలేదు. కాలు కుంటిదైంది, లారీ అమ్మేశాడు. బతుకమ్మ పండుగకు అమ్మను పిలవడానికి కూడా రాలేదు. పిలవనిదే పోనంది అమ్మ, పిలుస్తాడేమోనని పండుగకు మూడు రోజుల ముందే చీర తీసి పెట్టుకునేది. సర్వపిండి చేసినప్పుడల్లా అటు వెళ్లే ఎవరితోనో ఒక డబ్బా పంపేది. డబ్బా ఖాళీగా తిరిగొచ్చేది, మాట ఏమీ వచ్చేది కాదు. నా పెళ్లిలో నన్ను పీటల మీదికి తేవాల్సింది మేనమామ. ఆ పని మా చిన్నాయన చేశాడు, అమ్మ ఆ పూటంతా వంటల దగ్గరే ఉండిపోయింది. బాపు పోయాక కూడా అమ్మ అడుగుతుండేది, హవేలిఘనపూర్ నుంచి ఎవరు వచ్చినా సరే, "మా తమ్మునికి కోపం తగ్గిందా?" అని. అమ్మ పోయిన రోజు మామ వచ్చాడు. వెనకాల నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా, నీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు. ఇంత కోపమా అని అందరం అనుకున్నాం. నేను కూడా అనుకున్నాను, అనుకునే అర్హత నాకు లేకపోయినా.

ఇప్పుడు ఫోన్‌లో అన్నీ ఉన్నాయి. ఏ బండికి ఏ నంబరు, కొలత ఎంత, ఎట్లా బిగించాలి, వీడియోతో సహా. మా బాపు గోడ మీద ఉన్నదానికంటే వందరెట్లు ఎక్కువ. చూసేవాడేడీ? బొమ్మ ఒకలాగే ఉందా, బోల్టులు కూర్చున్నాయా, ఇవే చాలు. అప్పుడు నంబరు చదివే అలవాటు లేక పొరపాటు చేశాం, ఇప్పుడు చదవడం వచ్చి కూడా చేస్తున్నారు. శ్రీను నా పోరు పడలేక బిగించిన కొత్తదాన్ని విప్పి, పాతదాని దుమ్ము తుడిచి, రెండూ పక్కపక్కన పెట్టాడు. పాతదాని మీద ముప్ఫై. కొత్తదాని మీద ఇరవై నాలుగు. వాడి ముఖంలో నవ్వు పోయింది. "అరె, వాపస్ పంపిస్త వదినా. రెండు తెప్పిస్త" అని ఫోన్ తీసుకుని అటు వెళ్లాడు.

అప్పుడు మామ పిలిచాడు. నేను మంచం దగ్గర కూర్చున్నాను.

"ఆ దినం దుకాణంల నువ్వు జాన పెట్టినప్పుడు, నీ యెనకనే ఉన్న బిడ్డా."

"ఉన్నవు మామా."

"అది చిన్నదని నాకు ఎర్కనే."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయన నా వైపు చూడకుండా చెప్పుకుపోయాడు.

"ఏండ్ల సంది బండి కింద పండుకున్నోన్ని, నాకు తెల్వదా? పెద్దది తెల్లారి వస్తదన్నడు. ఆ పొద్దే మిల్లు అందుకోవాలె. నువ్వు సరిపోయింది అంటివి. చదువుకున్న పిల్ల అన్నది గద అని ఊకున్న. ఒక్క రోజుకు ఏమైతదిలే అనుకున్న."

"మరి బాపు తప్పు మీదేసుకున్నప్పుడన్న చెప్పకపోతివి?"

"బావ వచ్చి నాదే తప్పన్నడు. ఇంగ నేనేమనాలె? గోడ దిక్కు తిరిగిన. అక్క మొఖం ఎట్ల సూడాలె? సిగ్గుతోని రాలే బిడ్డా. కోపం ఎవలకున్నది?"

నాకు ఒళ్లు మండిపోయింది. ముసలివాడని, జబ్బుమనిషని కూడా చూడకుండా అరిచాను. "కోపం లేదని అమ్మకు ఒక్క మాట చెప్తే ఏం పోయేది మామా? సచ్చేదాక అడిగింది ఆమె, కోపం తగ్గిందా, తగ్గిందా అని!"

"రేపు పోయి చెప్త, రేపు పోయి చెప్త అనుకుంటనే ఉన్న" అన్నాడు మామ.

ఇంకా తిట్టడానికి నోరు తెరిచాను. కానీ మామ అరగంట దూరంలో ఉండి అమ్మకు చెప్పలేదు. నేను అదే ఇంట్లో, అదే పొయ్యి దగ్గర, ఆమె పక్కన కూర్చుని సర్వపిండి డబ్బాలు కడుతూ, ఆ జానెడు నాదని చెప్పలేదు.